ఎనుము ఎద తప్పిపోకుండా: ఫాలికల్ లెక్క పట్టుకొని సూది వేయించే పద్ధతి

"మా ఎనుము ఈని ఆరు నెలలైంది సార్, ఇంకా ఎదకే రాలేదు." "మూడుసార్లు సూది వేయించినా నిలవలేదు." "ఇంజెక్షన్ ఇచ్చారు గానీ దాంట్లో కదలికే లేదు." శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు వాళ్లయినా, పలమనేరు, పుంగనూరు వైపు వాళ్లయినా గేదెల రైతులు తిప్పితిప్పి అడిగేవి ఈ మూడే. మూడింటికీ ముందు తేలాల్సింది ఒకటే: ఆ రోజు అండాశయం మీద ఏముంది? అది తెలియకుండా వేసే సూదీ, ఇచ్చే మందూ గుడ్డి లెక్కే.

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఇంకో చిక్కు ఉంది. ఇక్కడ పాడి అంటే ఎక్కువగా సంకరజాతి ఆవులే. రైతు కన్నూ, సూది వేసేవాళ్ల చేయీ ఆవుకే అలవాటుపడి ఉంటాయి. ఆవును చూసే కంటితో ఎనుమును చూస్తే చాలా ఎదలు కంటబడవు.

ఈ వ్యాసంలో సూది అన్న ప్రతిచోటా వీర్యం సూది అనే అనుకోండి. హార్మోన్ మందులను ఇంజెక్షన్ అని విడిగా రాశాను.

1. అండాశయంలో 21 రోజులు ఎలా గడుస్తాయి

ఎనుము ఎద చక్రం సగటున 21 రోజులు. 17 నుంచి 26 రోజుల దాకా అటూ ఇటూ అయినా ఏదో జబ్బు అనుకోనక్కర్లేదు. లెక్క సులువుగా ఉండేందుకు, అండం విడుదలైన రోజును సున్నా రోజు అనుకుందాం.

అండం పెరిగేది ఫాలికల్ అనే నీటి తిత్తిలో. ఫాలికల్స్ ఒక్కొక్కటిగా రావు, గుంపుగా లేస్తాయి. అలా లేచిన ప్రతి గుంపునూ ఒక అల అంటారు. చాలా ఎనుముల్లో ఒక చక్రానికి రెండు అలలు వస్తాయి. కొన్నింటికి మూడు. ఒకటే అలతో ముగిసేవి అరుదు.

రెండు అలల ఎనుములో జరిగేది సుమారుగా ఇదీ:

- 0–1 రోజు: ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్ పెరుగుతుంది. 4 మి.మీ. దాకా ఉన్న చిన్న ఫాలికల్స్ కొన్ని కలిసి ఎదగడం మొదలుపెడతాయి. అండం వదిలిన చోట కార్పస్ లూటియం అనే చిన్న గడ్డ తయారవుతుంటుంది. డాక్టర్లు దీన్ని సీఎల్ అంటారు.
- 2–4 రోజులు: గుంపులో ఒకటి 8 మి.మీ. దగ్గరికి వచ్చేసరికి మిగతావాటిని దాటిపోతుంది. అది వదిలే హార్మోన్ల వల్ల ఎఫ్‌ఎస్‌హెచ్ తగ్గి, తక్కినవి ఎండిపోతాయి.
- 6–9 రోజులు: ఆ పెద్ద ఫాలికల్ 13–15 మి.మీ. దాకా పెరుగుతుంది. అయినా పగలదు. అప్పటికే సీఎల్ ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ వదులుతోంది. అది ఉన్నంతసేపూ, ఫాలికల్‌ను పగిలేలా చేసే ఎల్‌హెచ్ హార్మోన్ తలెత్తదు. ఎల్‌హెచ్ అందని ఫాలికల్ మెల్లగా కుంచించుకుపోతుంది.
- 9–11 రోజులు: రెండో అల లేస్తుంది. మళ్లీ అదే వరస.
- 16–17 రోజులు: కడుపులో చూలు లేదని తేలాక గర్భసంచి ప్రోస్టాగ్లాండిన్ అనే హార్మోన్ వదులుతుంది. సీఎల్ కరుగుతుంది, ప్రొజెస్టిరాన్ పడిపోతుంది.
- 18–21 రోజులు: రెండో అల పెద్ద ఫాలికల్‌కు అడ్డు తొలగింది. అది వదిలే ఈస్ట్రోజెన్ ఎద లక్షణాలు తెస్తుంది, ఎల్‌హెచ్‌ను ఒక్కసారిగా పైకి లేపుతుంది. ఎద మొదలైన సుమారు 30–36 గంటలకు ఫాలికల్ పగిలి అండం బయటపడుతుంది.

మూడు అలలు వచ్చే ఎనుములో రెండోది 9వ రోజు ప్రాంతంలో, మూడోది 16వ రోజు ప్రాంతంలో లేస్తుంది. చక్రం రెండు మూడు రోజులు సాగుతుంది. మీ ఎనుము ప్రతిసారీ 24వ రోజున ఎదకొస్తుంటే కారణం ఇదే కావచ్చు. కంగారు పడొద్దు.

ఇక్కడ గట్టిగా పట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. 7వ రోజున ఉండే పెద్ద ఫాలికల్‌కూ, ఎద రోజున ఉండే పెద్ద ఫాలికల్‌కూ పరిమాణంలో పెద్ద తేడా ఉండదు. కాబట్టి "పెద్ద ఫాలికల్ తగిలింది, ఎదలో ఉంది, సూది వేసేద్దాం" అనే మాట నమ్మకండి. చక్రంలో చాలా రోజులు ఏదో ఒక పెద్ద ఫాలికల్ ఉంటూనే ఉంటుంది. ఎద అని తేల్చేవి మూడు కలిసి: పెద్ద ఫాలికల్ ఉండాలి, పనిచేసే సీఎల్ ఉండకూడదు, గర్భసంచి బిగువెక్కి తీగలాంటి స్రావం ఉండాలి.

ఆవుకూ ఎనుముకూ ఉన్న తేడా కూడా చూడండి. పుట్టుకతో వచ్చే ఫాలికల్ నిల్వ ఆవులో లక్షకు పైనే ఉంటే, ఎనుములో 10–20 వేల దగ్గరే ఉంటుంది. అండాశయం చిన్నది. సీఎల్ కూడా చిన్నదే, పైగా లోపలికి పాతుకుని ఉంటుంది, ఆవులోలాగా బొడిపెగా పైకి తేలదు. ఆవుల్లో చేయి తిరిగినవాళ్లకు కూడా ఎనుములో సీఎల్ తగలకుండా పోయేది అందుకే.

2. ఎదకు మూడు నెలల ముందే మొదలుపెట్టండి

ఈరోజు పగిలే ఫాలికల్ నిన్నా మొన్నా పుట్టింది కాదు. ఆవుల్లో వేసిన లెక్క ప్రకారం, ఫాలికల్‌లో నీరు చేరడం మొదలైన దగ్గర్నుంచి అది పగిలేదాకా సుమారు ఆరు వారాలు. దానికి ముందు ఇంకా నెలల ఎదుగుదల ఉంటుంది. కడుపు మాడిన రోజుల్లో, ఎండ దెబ్బ తిన్న రోజుల్లో ఎదిగిన ఫాలికల్ ఆ నష్టాన్ని మోసుకొనే వస్తుంది. దాణా పెంచిన వారానికే ఎద రాలేదని నిరాశపడే రైతులు ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకుంటే చాలు.

ఎనుము పగలు తగ్గే కాలంలో బాగా ఎదకొచ్చే జంతువు. మన లెక్కలో వినాయక చవితి నుంచి శివరాత్రి దాకా మంచి కాలం. ఈశాన్య రుతుపవనాల వానలకు పచ్చిమేత కూడా అప్పుడే దొరుకుతుంది. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి, శ్రీకాళహస్తి ప్రాంతాల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. నల్లటి చర్మం, చెమట గ్రంథులు తక్కువ. ఆ నెలల్లో చాలా ఎనుములకు అండాశయాలు చప్పబడిపోతాయి. చవితికి ఎద కావాలంటే జ్యేష్ఠంలోనే పని మొదలవ్వాలి.

ఈనిన ఎనుముకైతే గర్భసంచి మామూలు స్థితికి రావడానికి దాదాపు నెలన్నర పడుతుంది. ఈనిన 60 రోజుల తర్వాతే సూది ఆలోచన పెట్టుకోండి. అంతకుముందు ఎదకొస్తే సూది వద్దు, తేదీ మాత్రం రాసుకోండి.

సిద్ధం చేసే జాబితా:

- ఒళ్లు చూడండి. ఒకటి నుంచి ఐదు దాకా కొలిస్తే ఈనేటప్పుడు 3–3.5 ఉండాలి. డొక్క ఎముకలు దూరం నుంచే లెక్కపెట్టేలా, తొంటి ఎముకలు పొడుచుకొచ్చేలా ఉంటే ఇంజెక్షన్ కంటే ముందు మేత సంగతి చూడాలి.
- దాణా: ఒంటి పోషణకు ఒకటిన్నర నుంచి రెండు కిలోలు, పైన ప్రతి రెండు లీటర్ల పాలకు ఒక కిలో. వేరుశెనగ చెక్క, తవుడు, మొక్కజొన్న కలిపి పెట్టండి. ఒక్క తవుడు మీదే లాగొద్దు.
- చెరకు ఆకు, వరిగడ్డి మాత్రమే మేపే చోట మాంసకృత్తులు, భాస్వరం తక్కువ పడతాయి. వేరుశెనగ కట్టె ఉంటే కలపండి. నాలుగు సెంట్లలోనైనా పచ్చిగడ్డి వేసుకోండి.
- ఖనిజ లవణ మిశ్రమం రోజుకు 50 గ్రాములు, తప్పకుండా. సంచి కొని గూట్లో పెట్టి నెలకోసారి గుప్పెడు వేస్తే లాభం లేదు.
- నట్టల మందు, పిడుదుల నివారణ.
- ఎండాకాలం కొట్టం మీద కొబ్బరి మట్టలో, గడ్డో పరిచి నీడ చేయండి. కుంట లేకపోతే రోజుకు మూడు నాలుగుసార్లు ఒళ్లు తడపండి. మేత చల్లపూట పెట్టండి.
- దూడ రోజంతా తల్లి దగ్గరే ఉండి చీకుతుంటే ఎద వెనక్కి పోతుంది. పాలు పిండే రెండు పూటలే వదలండి.

పడ్డలకు వయసు కంటే బరువే లెక్క. గ్రేడెడ్ ముర్రా పడ్డ దాదాపు 300 కిలోలకు రాకముందు సూదికి తొందరపడొద్దు.

3. గోడ మీద క్యాలెండర్ చాలు, రాయడం మానొద్దు

ఖరీదైన యాప్‌లు ఏమీ అక్కర్లేదు. కొట్టంలో ఒక క్యాలెండర్ తగిలించండి. ఎనుముకో రంగు పెన్ను పెట్టుకోండి. రాయాల్సినవి: ఈనిన తేదీ, మాయ పడిందా లేదా, ప్రతి ఎద తేదీ, పూట, స్రావం రంగు, ఇచ్చిన ఇంజెక్షన్ పేరు, సూది వేసిన గంట.

ఒక ఉదాహరణ వేసుకుందాం. అక్టోబర్ 6 సాయంత్రం ఎద మొదలైంది. అండం విడుదల అక్టోబర్ 8 తెల్లవారుజాము ప్రాంతంలో. అదే సున్నా రోజు. అక్కడి నుంచి లెక్క ఇలా పడుతుంది:

- అక్టోబర్ 14–17: మొదటి అల పెద్ద ఫాలికల్ నిండుగా ఉండే రోజులు. చేయి పెడితే పెద్దదే తగులుతుంది. సూది వద్దు.
- అక్టోబర్ 18 ప్రాంతం: రెండో అల.
- అక్టోబర్ 24–25: చూడి కట్టకపోతే సీఎల్ కరిగేది.
- అక్టోబర్ 24 నుంచి నవంబర్ 1 దాకా: రాత్రీ పగలూ కాపలా. అసలు అనుమానం 27–30 తేదీల మీద.

ఇలా రాసుకున్న రైతు డాక్టరుకు ఫోన్ చేస్తే మాట మారిపోతుంది. "ఎదకు రాలేదు సార్" అనే చోట "పోయిన ఎదకు ఇది పన్నెండో రోజు సార్" అంటారు. ఏ ఇంజెక్షన్ పనిచేస్తుందో, ఏది దండగో అక్కడే సగం తేలిపోతుంది.

4. ఎద కనిపెట్టడం

ఆవులు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. ఎనుముల్లో అది చాలా తక్కువ. దానికోసం కాచుకుంటే ఎదలు దాటిపోతాయి. పైగా ఎనుము ఎద ఎక్కువగా పొద్దుగుంకాక మొదలై తెల్లారేలోపు జోరుమీద ఉంటుంది. ఉదయం తొమ్మిదికి మీరు చూసేసరికి అది మామూలుగా నెమరు వేస్తుంటుంది.

చూడాల్సిన వేళలు రెండు: పడుకునే ముందు రాత్రి తొమ్మిది పది గంటలకు, తెల్లవారుజామున నాలుగైదు గంటలకు. ఎండాకాలం ఈ రెండూ తప్పనిసరి. అప్పుడు ఎద ఉన్నా పైకి తేలదు, దాన్నే మూగ ఎద అంటారు.

తెల్లవారుజాము చూపులో ఒక కిటుకు ఉంది. ఎనుమును లేపకముందే టార్చి పట్టుకొని వెనక్కి వెళ్లండి. ఎదలో ఉన్న ఎనుముకు స్రావం ఆవుకు కారినంత కారదు. లోపలే నిలిచి, పడుకున్నప్పుడు బరువుకు బయటికొస్తుంది. తోక కింద నేల మీద కోడిగుడ్డు తెల్లసొనలా మెరిసే చిన్న మడుగు కనిపిస్తుంది. తోక వెంట్రుకలకు అంటుకొని ఎండిన పొర కూడా చూడండి. పేడ ఎత్తి, కొట్టం కడిగేశాక ఈ ఆనవాలు మిగలదు. అందుకే కొట్టం ఊడ్చేవాళ్లకు ఒక మాట చెప్పి పెట్టండి: ముందు చూపు, తర్వాత చీపురు.

గుర్తుల జాబితా:

- ఊరికే అరవడం, కట్టుగుంజ చుట్టూ తిరగడం, పక్క ఎనుము వైపు చెవులు రిక్కించడం
- మాటిమాటికీ కొంచెం కొంచెం మూత్రం పోయడం
- మానం ఉబ్బి ముడతలు పోవడం, లోపల ఎర్రగా తేమగా ఉండడం
- తోక పక్కకు ఎత్తి పట్టడం
- పాలు చేపకపోవడం, ఆ పూట పాలు తగ్గడం
- మేత మీద ధ్యాస లేకపోవడం

ఒక్క గుర్తుతో తేల్చొద్దు. రెండు మూడు కలిస్తే నమ్మండి. పది పన్నెండు ఎనుములున్న చోట అయితే వాసెక్టమీ చేసిన దున్నపోతును తిప్పడమే అన్నిటికంటే నికరమైన దారి. దానికి కనిపించినంత మనకు కనిపించదు.

5. డాక్టరు చేయి పెట్టి చూసేటప్పుడు అడగాల్సినవి

60–90 రోజులు దాటినా ఎద జాడ లేకపోతే పరీక్ష చేయించండి. రైతు సేవా కేంద్రంలోని పశు సంవర్ధక సహాయకుల ద్వారా డాక్టరును రప్పించుకోవచ్చు. చిక్కు కేసులకు తిరుపతి పశు వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. వెళ్లేటప్పుడు క్యాలెండర్ కాగితం చింపి తీసుకెళ్లండి.

అడగాల్సిన నాలుగు ప్రశ్నలు:

1. చూడి లేదని గట్టిగా తేలిందా?
2. సీఎల్ ఉందా? ఏ వైపు?
3. ఉన్న ఫాలికల్స్‌లో పెద్దది ఎంత ఉంది?
4. గర్భసంచి బిగువుగా ఉందా, చప్పగా ఉందా? చీము ఆనవాలు ఉందా?

సీఎల్ లేదని ఒక్క పరీక్షతో తీర్పు చెప్పించుకోవద్దు. ఎద ముందు మూడు నాలుగు రోజులు, ఎద తర్వాత మూడు నాలుగు రోజులు మంచి ఎనుములో కూడా చేతికి తగిలేంత సీఎల్ ఉండదు. ఆ రోజుల్లోనే చూస్తే బాగున్న అండాశయాన్ని కూడా పనిచేయడం లేదంటారు. పది రోజుల తేడాతో రెండోసారి చూపిస్తే, చక్రం నడుస్తున్న ఎనుముకు ఈ రెండిట్లో ఒకసారైనా సీఎల్ దొరకాలి. రెండుసార్లూ అండాశయాలు నున్నగా, ఏమీ లేకుండా ఉంటేనే నిజంగా ఎద ఆగిపోయినట్టు.

స్కానింగ్ దొరికే చోట ఇంకా నయం. ఫాలికల్ నల్లటి గుండ్రంగా, సీఎల్ బూడిద రంగులో కనిపిస్తాయి. మి.మీ. లెక్కలో కొలత వస్తుంది. ఎనుము సీఎల్ లోపలికి పాతుకుని ఉంటుంది కాబట్టి చేతికి అందనిది కూడా స్కానింగ్‌లో పట్టుబడుతుంది.

6. ఏ అండాశయానికి ఏ మందు

మందూ మోతాదూ డాక్టరువే. కానీ ఎందుకు ఇస్తున్నారో తెలిస్తే మీరు తేదీలు తప్పరు. ఈ పద్ధతులన్నిట్లో మందు కంటే గంట ముఖ్యం.

సీఎల్ ఉంది, ఎద కనబడలేదు. ఇది మూగ ఎద. ప్రోస్టాగ్లాండిన్ ఇంజెక్షన్ దీనికే. క్లోప్రోస్టెనాల్ అయితే మామూలుగా 500 మైక్రోగ్రాములు. సీఎల్ కరిగి రెండు నుంచి నాలుగు రోజుల్లో ఎద వస్తుంది. ఎప్పుడొస్తుందన్నది ఆ రోజు ఫాలికల్ ఎంత ఎదిగి ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. పెద్దది సిద్ధంగా ఉంటే రెండో రోజే, కొత్త అల అప్పుడే లేచి ఉంటే నాలుగో రోజు. ఎద కనిపించకపోయినా సూది వేయించదలిస్తే 72, 96 గంటలకు రెండుసార్లు వేయిస్తారు.

ఎద వచ్చిన తొలి ఐదారు రోజుల్లో సీఎల్ ఈ మందుకు లొంగదు. సీఎల్ అసలే లేకపోతే ఈ మందు ఇవ్వడం, కోయడానికి పైరే లేని మడిలో కొడవలి పట్టుకొని దిగినట్టు. "ఇంజెక్షన్ ఇచ్చినా కదల్లేదు" అనే కేసుల్లో చాలావాటికి మూలం ఈ రెండిట్లో ఒకటి.

ముఖ్యమైన హెచ్చరిక: చూడి ఎనుముకు ఇది ఇస్తే ఈసుకుపోతుంది, అంటే చూలు పోతుంది. చూడి పరీక్ష లేకుండా ఇవ్వనివ్వొద్దు. గర్భిణులు, ఆస్తమా ఉన్నవాళ్లు ఈ మందు సీసాను ముట్టుకోకూడదు. చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది.

సీఎల్ లేదు, కానీ 10 మి.మీ. దాకా ఫాలికల్ ఉంది. దీనికి, అలాగే చక్రం నడుస్తున్నా ఎద పట్టుకోలేకపోతున్న ఎనుములకు ఓవ్‌సింక్ పద్ధతి. రోజుల లెక్క ఇలా వేసుకోండి:

- సోమవారం సాయంత్రం 5: ఎల్‌హెచ్‌ను పైకి లేపే జీఎన్‌ఆర్‌హెచ్ ఇంజెక్షన్ (బుసెరెలిన్ 10 మైక్రోగ్రాములు). ఉన్న పెద్ద ఫాలికల్ పగులుతుంది, ఒకటి రెండు రోజుల్లో కొత్త అల లేస్తుంది.
- తర్వాతి సోమవారం సాయంత్రం 5: ప్రోస్టాగ్లాండిన్. సీఎల్ కరుగుతుంది.
- బుధవారం సాయంత్రం 5: మళ్లీ జీఎన్‌ఆర్‌హెచ్. కొత్త అలలో ఎదిగిన ఫాలికల్‌కు పగిలే ఆదేశం.
- గురువారం ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 లోపు: సూది. అంటే 16–20 గంటల మధ్య.

ఎద లక్షణాలు లేవని గురువారం సూది మానేయొద్దు. ఈ పద్ధతి అండాన్ని విడుదల చేయిస్తుంది, అరుపులు తెప్పించదు. బుధవారం డాక్టరుకు వీలు పడదని తెలిస్తే మొదటి సోమవారమే మొదలుపెట్టొద్దు, ఇంకో వారం ఆగండి. ఒక గొలుసులో మూడు కొక్కేలు సరిగ్గా పడి ఒకటి తప్పినా డబ్బు పోయినట్టే. చవితి నుంచి శివరాత్రి మధ్య దీని ఫలితం మెరుగ్గా ఉంటుంది. నడివేసవిలో నున్నటి అండాశయాల మీద ప్రయోగిస్తే పగలడానికి తగిన ఫాలికల్ ఉండదు.

రెండు పరీక్షల్లోనూ అండాశయాలు నున్నగా ఉన్నాయి. ఇది ఎక్కువ ఓపిక కావాల్సిన కేసు. ముందు రెండో అంచెలోని జాబితా అంతా పెట్టండి. ఆ తర్వాతే ప్రొజెస్టిరాన్ పరికరం. యోనిలో 7–9 రోజులు ఉంచి తీస్తారు. తీసేటప్పుడు ఫాలికల్ ఎదుగుదలకు ఈసీజీ అనే హార్మోన్ (గుండె పరీక్ష ఈసీజీ కాదు) ఇస్తారు. ప్రొజెస్టిరాన్ కొన్నాళ్లు ఉండి ఒక్కసారిగా తగ్గితే మెదడు మామూలు చక్రంలోలాగే స్పందిస్తుంది. తీసిన రెండు మూడు రోజుల్లో ఎద వస్తుంది. ఒళ్లు లేని ఎనుముకు ఇది పెట్టించడం నా దృష్టిలో డబ్బు దండగ. ఎద వచ్చినట్టే వచ్చి మళ్లీ ఆగిపోతుంది.

పగలని నీటి తిత్తి, అంటే సిస్ట్. పగలకుండా 25 మి.మీ. దాటి పది రోజులకు పైగా నిలిచిన ఫాలికల్ ఇది. ఎనుముల్లో ఆవుల్లో కంటే తక్కువ. డాక్టరు జీఎన్‌ఆర్‌హెచ్‌తో చూసుకుంటారు. చేత్తో నొక్కి పగలగొట్టే పాత అలవాటును ఒప్పుకోవద్దు.

7. సూది వేయించే వేళ, స్ట్రా సంగతి

ఎద 12–24 గంటలు ఉంటుంది. అండం విడుదల ఎద మొదలైన 30–36 గంటలకు. వీర్యకణాలు సిద్ధపడటానికి కొన్ని గంటలు పడుతుంది, అవి లోపల సుమారు ఒక రోజు బతుకుతాయి. అందుకే పాత సూత్రమే మంచిది: ఉదయం చూస్తే సాయంత్రం, సాయంత్రం చూస్తే మర్నాడు ఉదయం. 24 గంటల తర్వాత కూడా తీగలు సాగుతుంటే ఇంకో స్ట్రా (వీర్యం నింపిన సన్నటి గొట్టం). మన ఉదాహరణలో సూది అక్టోబర్ 7 ఉదయం.

తెల్లవారుజామున మడుగు చూశారు గానీ అరుపు ముందు రాత్రి నుంచే వినిపించిందనుకోండి. లెక్క రాత్రి నుంచే వేయాలి. సాయంత్రం దాకా ఆగొద్దు, మధ్యాహ్నం లోపే కబురు చేయండి.

స్రావం గాజులా తేటగా, తెగకుండా సాగాలి. తెల్లటి పీచులు, చీము నలకలు ఉంటే ఆ ఎదను వదిలేయండి. గర్భసంచికి వైద్యం చేయించి తర్వాతి ఎదకు సూది.

సూది వేసేవాళ్ల దగ్గర మర్యాదగానే చూసుకోవాల్సినవి:

- స్ట్రా మీద అచ్చయిన దున్న నంబరు, జాతి. క్యాలెండర్ మీద రాసుకోండి.
- స్ట్రాను 37 డిగ్రీల నీళ్లలో 30 సెకన్లు ఉంచాలి. చొక్కా జేబులోనో, అరచేతిలోనో కరిగించొద్దు. ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్లు మీరే సిద్ధంగా ఉంచండి, థర్మామీటరు ఉంటే ఇంకా మంచిది.
- నీళ్లలోంచి తీసి పొడిగా తుడిచి, ఎండ తగలకుండా, నిమిషాల్లోనే వాడాలి.
- మానం కడిగి పొడిగుడ్డతో తుడవాలి. తడి లోపలికి పోకూడదు.
- వీర్యం గర్భకంఠం దాటగానే నెమ్మదిగా వదలాలి. ఎనుము గర్భకంఠం ఆవుకన్నా సన్నం, మెలికలు ఎక్కువ. రెండు నిమిషాలు ఎక్కువ పట్టినా తొందర పెట్టొద్దు.

ఎనుమును ఆటోలో ఎక్కించి ఎండలో తీసుకెళ్లి వేయించడం కంటే కొట్టానికే పిలిపించండి. వేసిన తర్వాత నీళ్లు పెట్టి, ఒళ్లు తడిపి, నీడలో కట్టేయండి. వీపు మీద కొట్టి, పరుగెత్తించే అలవాటు కొన్ని ఊళ్లలో ఇంకా ఉంది. దానివల్ల ఒరిగేదేమీ లేదు.

8. నిలవనప్పుడు ఎక్కడ వెతకాలి

- 18–25 రోజుల మధ్య తిరగబొర్లితే, అంటే మళ్లీ ఎదకొస్తే: చక్రం సరిగానే నడుస్తోంది. వేళ, స్ట్రా, గర్భసంచి ఈ మూడింట్లో వెతకండి. మూడుసార్లు ఇలాగే అయితే నాలుగోది వేయించకముందే పరీక్ష.
- 10–12 రోజులకే మళ్లీ ఎద అనిపిస్తే: రెండిట్లో ఒకటి అసలు ఎద కాదు. మధ్య అల పెద్ద ఫాలికల్‌ను చూసి వేసి ఉండొచ్చు. క్యాలెండర్ తిరగేయండి.
- 40–45 రోజులకు వస్తే: మధ్యలో ఒక మూగ ఎద మీ కళ్లుగప్పి ఉండొచ్చు, లేదా నిలిచిన చూలు తొలి రోజుల్లోనే పోయి ఉండొచ్చు. రాత్రి కాపలా గట్టి చేయండి.
- ఎద రెండు రోజులు దాటినా తగ్గకపోతే: అండం విడుదల ఆలస్యమవుతోంది. ఇలాంటి ఎనుముకు సూది వేసే రోజే జీఎన్‌ఆర్‌హెచ్ ఇచ్చే అవకాశం గురించి డాక్టరుతో మాట్లాడండి.
- వేసవి పోయి జూలై వచ్చినా నిలవకపోతే: ఎండలో ఎదిగిన ఫాలికల్స్ ఇంకా తీరలేదు. నీడ, నీళ్లు, మేత ఆపకుండా ఇంకో రెండు చక్రాలు చూడండి.

9. చూడి పరీక్ష

మళ్లీ ఎదకు రాలేదు కాబట్టి చూడి కట్టిందని అనుకోవడం ఎనుము విషయంలో ప్రమాదం. అది మూగ ఎదలో ఉండిపోయిందేమో. స్కానింగ్ ఉంటే 30 రోజులకు, అంటే మన ఉదాహరణలో నవంబర్ 6కే చూపించొచ్చు. చేత్తో అయితే 60 రోజులకు, డిసెంబర్ 6 తర్వాత. వట్టిదని తేలితే అదే రోజు సీఎల్ ఉందో లేదో కూడా చూడమనండి. ఇంకో ప్రయాణం తప్పుతుంది.

చూడి ఎనుములో కూడా ఫాలికల్స్ అలలుగా లేస్తూనే ఉంటాయి. అందుకే కొన్ని చూడి ఎనుములు కూడా ఎదలాంటి గుర్తులు చూపిస్తాయి. చూడి అని తేలిన ఎనుము మూడో నెలలో అరిచిందని సూది వేసే గన్ను గర్భకంఠం దాటిస్తే చూలు పోతుంది. అనుమానం వస్తే ముందు చేయి పెట్టి చూడమనండి.

నిలిచిందని తేలగానే సూది తేదీకి 310 రోజులు కలిపి ఈనే తేదీ వేయండి. అక్టోబర్ 7కు కలిపితే ఆగస్టు 13 ప్రాంతం. దానికి రెండు నెలల ముందు, జూన్ 10–15 మధ్య పాలు ఆపేయాలి. ఆ తేదీని క్యాలెండర్ మీద ఇప్పుడే ఎర్ర పెన్నుతో చుట్టి పెట్టండి. వట్టిపోయిన ఆ రెండు నెలల్లో పెట్టే మేతే ఈనిన తర్వాత వచ్చే మొదటి ఎద ఫాలికల్స్‌కు అందుతుంది.